చావింటి గడపలో వెళ్ళొస్తానన్నవాడు

మా బావ పోయిన రోజు ఆ ఇంటి గడప దిగుతూ నేను "వెళ్ళొస్తానక్కా" అన్నాను. ఇంతవరకు చదివేసరికే మీలో సగంమంది నాలుక కరుచుకుని ఉంటారని నాకు తెలుసు. మిగిలిన సగంమంది, అంటే ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేకుండా హాయిగా పెరిగినవాళ్ళ కోసం సంగతి విప్పి చెబుతాను. మామూలు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "వెళ్తున్నాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. మనకి తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. చావింట్లోంచి బయల్దేరేటప్పుడు మాత్రం "వెళ్ళొస్తాను" అనకూడదు. అలా అంటే ఇలాంటి పని మీదే మళ్ళీ వస్తానని అర్థమట. అక్కడ ఎవరికీ ఏమీ చెప్పకుండా, చెప్పుల గుట్టలో మనవి వెతుక్కుని, దొంగతనానికి వచ్చినవాడిలా జారుకోవాలి. అదే మర్యాద.

నాకు ఈ నియమం తెలియదా అంటే తెలుసు. మా అమ్మ పెంపకంలో ఇలాంటివి తెలియకుండా ఎవరూ బతికి బట్టకట్టలేరు. మా ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోలేదు. "నిండుకున్నాయి". డబ్బా మూత తీసి చూస్తే అడుగున ఉన్న తుప్పు కనిపించేది గాని, అమ్మ నోట మాత్రం నిండుకున్నాయనే వచ్చేది. దీపం ఎప్పుడూ ఆరలేదు, కొండెక్కింది. గాజులు పగల్లేదు, పెరిగాయి. నాన్న గుంటూరు బస్సుకి బయల్దేరుతుంటే "ఎక్కడికి" అని ఎవరైనా అడిగితే ఆ రోజు ప్రయాణం చెడినట్టే. "ఎందాకా" అని అడగాలి. అడిగింది అదే, వచ్చే జవాబూ అదే, కాని ఒకదానికి బస్సు దొరుకుతుంది, ఒకదానికి టైరు పంచరవుతుంది. కారణం ఏమిటమ్మా అంటే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటార్రా, మనం ఏమంటే అది తథాస్తు అనేస్తారు అనేది. అంటే ఆ దేవతలకి మన మాట వినబడుతుంది గాని మన మనసు తెలియదన్నమాట. దేవతలై ఉండి, పక్కింటావిడకి తెలిసినంత కూడా తెలియదు. నేను ఆ వయసులోనే వాళ్ళ మీద నమ్మకం పోగొట్టుకున్నాను. అయినా ఇప్పటికీ మా ఇంట్లో ఉప్పు నిండుకుంటూనే ఉంది. ఇంతెందుకు, ఇందాక మొదటి వాక్యంలోనే మా బావ "పోయిన" రోజు అని రాశాను. ఎక్కడికి పోయాడని మీలో ఒక్కరూ అడగలేదు.

నాది గుంటూరు వెళ్ళే బస్సు రోడ్డు మీద విత్తనాల కొట్టు. పురుగుమందులూ, కల్లాల్లో కాయల మీద కప్పే పట్టాలూ కూడా అమ్ముతాను. కొట్టు ముందు ఒక చెక్కబల్ల ఉంటుంది. పొలానికి మందు కొనడానికి వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని లోకంలో ఉన్న సమస్యలన్నీ పరిష్కరిస్తారు, మిరప తోటల్ని తినేసే నల్లతామర పురుగుది తప్ప. "ఈ మందు పనిచేస్తదా" అని వాళ్ళు అడుగుతారు. "గ్యారంటీగా" అని నేనంటాను. నేను గ్యారంటీ ఇవ్వడం లేదని వాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు. ఇన్నేళ్ళుగా ఎవరూ మోసపోలేదు. "ఏమో, చెప్పలేను" అని నిజం చెబితే మాత్రం వీడికి కొట్టు ఎందుకంటూ ఎదురు కొట్టుకి వెళ్ళిపోతారు. కాబట్టి మాటలు ఎలా నడుస్తాయో తెలియని అమాయకుణ్ణి కాదు నేను. అందుకే ఆ రోజు నేను అన్నది పొరపాటున కాదు.

మా అక్క ఊరు పిడుగురాళ్ళ దాటాక, సున్నం బట్టీల తెల్లదుమ్ము వెనకపడ్డాక వస్తుంది. బావ మిరప రైతు. కార్తీకంలో ఒక పూట తోటలో మందు కొట్టించి, ఇంటికి వచ్చి, మజ్జిగ తాగి మంచం మీద వాలాడు. మళ్ళీ లేవలేదు. ఇంట్లో మిగిలింది అక్క, బావ తల్లి. బావ తల్లిని నేను అత్తయ్యగారు అనేవాణ్ణి. తొంభై ఏళ్ళు దగ్గరపడ్డ మనిషి, అప్పటికి రెండేళ్ళుగా మంచం దిగలేదు. అక్క కూతురు చీరాల వైపు కాపురంలో, నెలలు నిండి ఉంది. తోటలో మిరప చెట్లు పూతతో నిలబడి ఉన్నాయి. దహనం అయ్యాక, ఆడవాళ్ళ మధ్యలో కూర్చున్న అక్క నన్ను పిలిచి ఒకే ఒక మాట అడిగింది. "తోట ఏం చెయ్యాలిరా?" ఏడుపుల మధ్యలో పంట సంగతేమిటని కొందరు మొహాలు చూసుకున్నారు. వాళ్ళకి పొలాలు లేవులెండి, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

ఆ రోజు ఆ వాకిట్లో ఎన్ని మంచి మాటలు విన్నానో చెప్పలేను. వచ్చిన ప్రతివాడూ అక్క ముందు నిలబడి, గొంతు తగ్గించి, "ఏ అవసరం వచ్చినా ఒక్క ఫోన్ కొట్టమ్మా, మేము లేమా" అన్నాడు. మా బాబాయి అన్నాడు. బావ పెదనాన్న కొడుకులు వరసగా అన్నారు. ఊళ్ళో ట్రాక్టరున్న ఆయన అన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో బావ సరుకు అమ్మిపెట్టే షాపాయన కారు దిగి మరీ అని, మళ్ళీ కారెక్కాడు. అక్క ప్రతి ఒక్కరికీ తలూపింది. వాళ్ళంతా మర్యాద ప్రకారం ఏమీ చెప్పకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. రాని ఉద్దేశం ఉన్నవాళ్ళు నోరుమూసుకుని వెళ్తే మర్యాద. నాకు వచ్చే ఉద్దేశం ఉంది. తోట నాటించేటప్పుడు విత్తనం ఇచ్చింది నేను, కోతలయ్యేదాకా దగ్గరుండి చూడాల్సిందీ నేనే. అందుకని గడప దిగుతూ, అందరికీ వినబడేలా, "వెళ్ళొస్తానక్కా" అన్నాను.

ఏడుపు ఆగిపోయింది. అంతసేపూ ఎవరు ఎంత ఓదార్చినా ఆగని ఏడుపు, నా ఒక్క మాటకి ఆగింది. తర్వాత ఒకేసారి పదిమంది అందుకున్నారు. అందరికంటే ముందు అందుకున్నది బావగారి అక్క, మా అక్కకి ఆడపడుచు, నాకు వదిన. ఆ వంశంలో జరిగే పెళ్ళిళ్ళకీ చావులకీ ఏది అనాలో ఏది అనకూడదో నిర్ణయించే అధికారం ఆమెది. జీతం లేదు గాని రిటైర్మెంటూ లేదు.

"ఏమయ్యా, నోటికి తాళం లేదా? ఇంకెవర్ని తీసకపోటానికి వస్తావు?" అంది.

"తోట చూడటానికి వస్తానన్నాను వదినగారూ."

"తోట మాటెత్తావా నువ్వు? వెళ్ళొస్తానన్నావు. ఇంతమంది విన్నారు."

అదీ నిజమే. నేనన్నది ఇంతమంది విన్నారు. నేననుకున్నది ఎవరు విన్నారు? అక్క తలెత్తి నా వైపు చూసి ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది గాని ఆ గోలలో నాకేమీ వినబడలేదు. తిడుతోందేమో అనుకున్నాను. చెప్పులు వెతుక్కుని బయటపడ్డాను.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేంత సంగతి కాదు. కాని పెద్దకర్మ కూడా రాకముందే అత్తయ్యగారు పోయారు. కొడుకు పోయిన దిగులు, పైగా ఆ వయసు, రెండేళ్ళ మంచం. డాక్టరుకి ఈ మూడు కారణాలు చాలాయి. ఊరికి మాత్రం నాలుగోది కావలసి వచ్చింది, అది నేను. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి ఏం చెప్పుకుంటుంది? నా నోటి మాటకే అంత బలం ఉంటే మిర్చి రేటు గురించి ఎప్పుడో ఒక మాట అనేసి ఉండేవాణ్ణి గదా అని ఒకరిద్దరితో వాదించాను. అది వాళ్ళకి నచ్చలేదు. పోనీ అని నా పక్షాన వాదించబోతే నాకే ఒక చిక్కు కనిపించింది. నేను నిజంగానే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను, సరిగ్గా వాళ్ళు చెప్పిన పని మీదే.

ఆ రెండోసారి వెళ్ళినప్పుడు నన్ను చూడాలి మీరు. శవం వైపు చూసినవాళ్ళకంటే నా నోటి వైపు చూసినవాళ్ళే ఎక్కువ. నేను ఆవలిస్తే కూడా ఇద్దరు ఉలిక్కిపడ్డారు. బయల్దేరేటప్పుడు వదినగారు నాకూ గడపకీ మధ్య వచ్చి నిలబడింది.

"ఏడాది తిరిగి ఇద్దరి సంవత్సరీకాలూ అయ్యేదాకా ఈ గడప తొక్కమాక. నీకు దణ్ణం పెడతా."

దణ్ణం కూడా పెట్టింది. దణ్ణం పెట్టి తిట్టేవాళ్ళతో ఎవరూ గెలవలేరు. వెనక అక్క స్తంభానికి ఆనుకుని నిలబడి నా వైపే చూస్తోంది. ఈసారి నేను ఒక్క మాట కూడా అనలేదు. మర్యాదస్తుడిలా, నోరు కుట్టేసుకుని వచ్చేశాను. పెద్దకర్మకి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది.

"మీ అక్క ఏమన్నా అందా?" అని అడిగాను తిరిగొచ్చాక.

"మిమ్మల్ని గురించి ఏమీ అడగలేదండి. మిరప కోతకి కూలోళ్ళు దొరుకుతారా లేదా అని అడిగింది."

అక్క కూడా నమ్మిందన్నమాట అనుకున్నాను. మా అమ్మ కూతురే గదా.

తర్వాత కొన్ని వారాలు నా కొట్టు ముందు బల్ల మీద మందుల బేరాలు వెనకబడి నా కేసు విచారణ ముందుకొచ్చింది. ఒక పెద్దాయన నన్ను నాలుక చూపించమన్నాడు. నాలుక మీద పుట్టుమచ్చ ఉన్నవాళ్ళు ఏమంటే అది జరుగుతుందట. చూపించాను. మచ్చ లేదు. "అయితే లోపలుంటది" అన్నాడు. ఇంకొకాయన, మాటదేముంది, మనసు మంచిదైతే చాలని నా తరఫున తీర్పు చెప్పాడు. చెప్పి, తన కూతురి పెళ్ళిచూపులకి బయల్దేరుతూ నేను "ఎక్కడికి" అని అడిగినందుకు వెనక్కొచ్చి, కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. రిటైరైన టీచరు ఒకాయన ఉంటాడు, చర్చిలో పెద్ద. ఆయన ఇవన్నీ మూఢనమ్మకాలని నవ్వాడు. "మరి మీలో లేవా మాస్టారూ" అంటే కొంచెం ఆలోచించి, "మా సంఘంలో ఎవరన్నా సాయం అడిగితే ప్రార్థనలో పెడతాం అంటామండి. అంటే ఇంక ఆ సంగతి వదిలెయ్యమనే" అన్నాడు. "పెడతారా మరి?" అన్నాను. "అడిగినవాళ్ళు కూడా పెడతామని అనుకోరండి" అన్నాడు.

నేను మాత్రం వచ్చిన ప్రతివాడితోనూ వాదిస్తూనే ఉన్నాను. మాటకి అర్థం అన్నవాడి మనసులో ఉంటుందనీ, ఊళ్ళో వాడకంలో కాదనీ. వాడకమే అర్థమైతే "గ్యారంటీ" అన్నందుకు నా మీద ఎన్ని కేసులు పడాలనీ. నా వాదన నాకే ఎంతో బాగుండేది. రోజురోజుకీ పదును తేలింది. సంక్రాంతి దాటింది, మాఘం వచ్చింది, మిరప మొదటి కోత అయ్యి రెండో కోత మొదలైంది. వాదనలో నన్ను ఓడించినవాడు లేడు. అక్క ఊరికి వెళ్ళే బస్సు మాత్రం రోజూ నా కొట్టు ముందు నుంచే ఖాళీగా వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం మా బాబాయి వచ్చి బల్ల మీద చతికిలబడ్డాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"మీ అక్క పద్ధతేం బాలేదురా."

"ఏమైంది బాబాయ్?"

"పొద్దున ఫోన్ చేసింది. కాయలన్నీ కల్లంలో ఆరబోసుందంట. మబ్బు పట్టేట్టుందంట. పట్టాలు తీసుకుని ఒకసారి రా బాబాయ్ అంది."

"అయితే?"

"అయితే ఏంట్రా. నేనీ వయసులో ఆడదాకా పోయి పట్టాలు లాగనా?"

"ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ కొట్టమన్నావుగా."

బాబాయి నన్ను నిజంగా జాలిపడి చూశాడు. "అందరూ అంటారు గదరా. అన్నంతమాత్రాన నిజంగానే కొట్టుద్దా?"

ఒక్క బాబాయికే కాదట. బావ పెదనాన్న కొడుకులకీ చేసింది. పెద్దవాడు ఆసుపత్రిలో ఉన్నానన్నాడు, వెనక నుంచి పెళ్ళి మేళం వినబడుతోందట. రెండోవాడు సిగ్నల్ లేదని చాలా స్పష్టంగా చెప్పి పెట్టేశాడు. ట్రాక్టరాయన చూద్దాంలే అన్నాడు. మా వైపు చూద్దాంలే అంటే ఇంక చూడక్కర్లేదని. యార్డు షాపాయన మాత్రం చాలా బాధపడి, జాగ్రత్తమ్మా అన్నాడట. ఈ సంగతులన్నీ వాళ్ళలో వాళ్ళు ఫోన్లు చేసుకుని చెప్పుకున్నారు. అందరూ ఒక మాటకి వచ్చారు, మొగుడు పోయాక పాపం మనిషికి మతి చెదిరిందని. లేకపోతే పరామర్శకి వచ్చినవాళ్ళ మాట పట్టుకుని నిజంగా ఫోన్ చేసేవాళ్ళెవరన్నా ఉంటారా?

బాబాయి ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను నా ఫోను తీసి చూసుకున్నాను. అక్క దగ్గర నుంచి ఏమీ లేదు. ఊరందరికీ చేసింది. పట్టాలు అమ్మే తమ్ముడు, రెండు బస్సుస్టాపుల దూరంలో బతికుండగా, వాడికి తప్ప అందరికీ చేసింది. నాకు ఎంత బాధేసిందో, అంత కోపమూ వచ్చింది. సరే, నా నోరు అంత చెడ్డదైతే ఆ కాయలు తడిసిపోనీ అని కూడా అనుకున్నాను. పైకి అనలేదు. తథాస్తు దేవతల మీద నమ్మకం లేకపోయినా, వానాకాలం కాని వాన ముందు ఎందుకు ప్రయోగాలు చెయ్యడం.

గంట తిరక్కుండానే పడమర నుంచి మబ్బు కమ్మింది. బల్ల మీద కూర్చున్న రైతులంతా ఒక్కసారి లేచారు. కల్లాల్లో కాయలున్నవాడు మబ్బు చూశాక మాటలు చెప్పడు. పరుగెత్తుతూ నా దగ్గర పట్టాలు తీసుకుపోయారు. బాబాయి కూడా లేచి, "వెళ్ళొస్తాన్రా" అని ఇంటికి పోయాడు. బల్ల ఖాళీ అయింది. వాదించడానికి ఎవరూ మిగల్లేదు. నేనొక్కణ్ణే కొట్లో కూర్చుని, వెనకాల అరలో ఇంకా మిగిలిన పట్టాల కట్ట వైపు చూస్తున్నాను. తోట ఏం చెయ్యాలిరా అని అక్క అడిగిన మాట గుర్తొచ్చింది. దానికి నేను అప్పట్లో జవాబు చెప్పాననే అనుకున్నాను. కొట్టు షట్టరు లాగి, పట్టాలు బండికి కట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ ఎదురొచ్చి "ఎందాకా" అంది. అంత తొందరలోనూ ఆవిడ తప్పు మాట అడగలేదు.

నేను వెళ్ళేసరికి ఊరి చివర కల్లంలో నేలంతా ఎర్రగా కాయలు. అక్క తలకి తువ్వాలు చుట్టుకుని కాయల్ని మధ్యకి పోగుచేస్తోంది. అటు పక్క ఒక చినిగిన పట్టా కొసలు పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నది ఎవరనుకున్నారు, వదినగారే. ఆవిడ ఒక్కతే ఫోను కొట్టమని అనలేదు. అయినా పిలవకుండానే వచ్చింది. నేను బండి దిగగానే ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. వదినగారు నోరు తెరిచింది. కాయల ఘాటుకి తుమ్ము వచ్చింది. తర్వాత నాకూ వచ్చింది. ఆ తుమ్ములకి శకునం లెక్కపెట్టే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

"ఆ పక్క నుంచి లాగు," అంది అక్క.

అంతే. రా అనలేదు, ఎందుకొచ్చావనలేదు. లాగాను. వదినగారు కొసల మీద రాళ్ళు పెట్టింది. కళ్ళు మండిపోతున్నాయి, ముగ్గురివీ నీళ్ళు కారుతున్నాయి. ఇందులో ఎవరి కన్నీళ్ళు మిరపకాయలవో ఎవరివి కావో తేల్చడం కష్టం, దానికి మాత్రం నేను కృతజ్ఞుణ్ణి. చివరి పట్టా కప్పి నిలబడ్డాక మబ్బు కాస్త ఉరిమి, నాలుగు చినుకులు రాల్చి, తూర్పుకి పోయింది. దానిక్కూడా ఊరికే అనే అలవాటు ఉన్నట్టుంది.

ఇంటికి వెళ్ళాం. నేను వీధి అరుగు మీదే కూర్చున్నాను, గడప తొక్కలేదు. సంవత్సరీకాలు ఇంకా దూరంలో ఉన్నాయి. అక్క టీ తెచ్చి నా చేతికిచ్చి పక్కన కూర్చుంది. బాగా చిక్కిపోయింది. చేతివేళ్ళు మిరప తొడిమలు తీసి తీసి నల్లబడ్డాయి. నేను ఎన్ని వారాలుగానో సానపెట్టుకున్న వాదనంతా ఆవిడ ముందు పెడదామనుకున్నాను. మాటకి అర్థం మనసులో ఉంటుందనీ, నేను తోట కోసమే అన్నాననీ. తీరా నోరు తెరిస్తే చిన్నపిల్లాడి ఏడుపులాంటి మాటే వచ్చింది.

"ఊరందరికీ ఫోన్ చేశావంట. నాకు మాత్రం చెయ్యలేదు."

అక్క నా వైపు వింతగా చూసింది. అర్థంకాని మాట ఏదో అన్నట్టు చూసింది.

"వాళ్ళు ఫోన్ చెయ్యమన్నారు. చేశాను," అంది. "నువ్వు వస్తానన్నావు. చూస్తా కూర్చున్నా."

నా చేతిలో టీ చల్లారింది. తాగాను. లోపల ఏదో తెగినట్టయింది, మా అమ్మ ఉంటే పెరిగిందనేది. ఇన్ని వారాలు ఊరందరితో నా మాటకి నేనే సాక్షిగా నిలబడి వాదించాను. ఆ మాటని నేనన్నట్టే విన్న మనిషి ఇక్కడ ఈ అరుగు మీద ఒక్కతే కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ రెండు కోతలు కోయించుకుంది. మాట తప్పినవాళ్ళందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే. సిగ్గేసింది. "కాయ బాగుందక్కా, తెల్లబారిన తాలుకాయ తక్కువే" అన్నాను. "ఆఁ" అంది.

పొద్దు వాలుతుండగా లేచాను. వదినగారు గడపలో నిలబడి ఉంది, నా చెప్పులు ఎక్కడున్నాయో నేను చూసుకుంటుంటే నా నోటి వైపే చూస్తోంది. ఆవిణ్ణి తప్పుపట్టను. ఒకే నెలలో తమ్ముణ్ణీ తల్లినీ పంపిన మనిషి, ఇంకెవరూ పోకుండా ఆపడానికి చేతిలో మాటలు తప్ప ఇంకేమున్నాయి? మళ్ళీ గొడవెందుకని పెదాలు బిగించుకుని, ఏమీ చెప్పకుండా, మర్యాదగా బండి దగ్గరికి నడిచాను.

"ఏరా," అంది అక్క వెనక నుంచి. "చెప్పకుండా పోతున్నావేం?"

వదినగారి వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరప మంట ఇంకా తగ్గనట్టుంది.

"వెళ్ళొస్తానక్కా," అన్నాను.

"ఎప్పుడు?"

పుట్టి ఇన్నేళ్ళయింది, ఈ మాట ఎన్ని గుమ్మాల్లో అన్నానో లెక్కలేదు. ఎవరూ ఎప్పుడూ నన్నీ ప్రశ్న అడగలేదు. వెళ్ళొస్తానంటే "మంచిది" అంటారు, "సరే" అంటారు, ఎప్పుడని ఎవరూ అడగరు.

"ఆ రోజు కూడా ఇదే అడిగా," అంది అక్క. "ఎప్పుడొస్తావురా అని. మీ అరుపుల్లో పడి చెప్పకుండా పోయావు."

"గురువారం వస్తా," అన్నాను.

గడపలోంచి వదినగారి గొంతు వినబడింది, నాతో కాదు, గాలితో చెబుతున్నట్టు.

"గురువారం కూలోళ్ళు రారు. శుక్రవారం రమ్మను. పొద్దున్నే."

శుక్రవారం వెళ్ళాను.